ముందు అటక ఎక్కండి, వంటిల్లు తర్వాత

ఎడిటర్ గారికి నమస్తే.

మాది అనంతపురం జిల్లా రాయదుర్గం అండి. పదమూడేళ్ళుగా అమెరికాలో అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్ అనే ఊళ్ళో ఉంటున్నాం. పొద్దున కాఫీ తాగుతూ మీ ఈపేపర్ తిరగేయడం అలవాటు. మొన్న ఆదివారం పేజీల్లో పాత ఇంటిని కొత్తగా మార్చుకోవడం మీద పెద్ద ఆర్టికల్ వేశారు కదా, ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, మధ్యలో గట్టు ఉండే ఐలాండ్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, పడమటి గోడ మొత్తం కింద నుంచి పైదాకా అద్దం. అంతా చదివాను కానీ ఎండ గురించి ఒక్క ముక్క లేదు. ఆ అద్దం గోడ ఫొటో చూసి మా తమ్ముడు రాయదుర్గంలో కట్టే మేడకి అదే పెట్టిస్తానని వాట్సాప్‌లో పంపాడు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగు అవుతుంది, కత్తిరించాల్సి వస్తే చివర కాకుండా మధ్యలో కత్తిరించండి.

మేం ఉండేది నిజంగానే ఎడారి. ఏడాది మొత్తం కలిపినా ఏడెనిమిది అంగుళాల వాన. అనంతపురం వాన తక్కువ జిల్లా అని చిన్నప్పటినుంచి వింటూ పెరిగాం, కణేకల్లు దగ్గర ఇసుక దిబ్బలు చూపించి ఎడారి అయిపోతోందని చెప్పేవాళ్ళు, కానీ ఇక్కడికొచ్చాక మన జిల్లా పచ్చగానే ఉంది పాపం అనిపిస్తుంది. 2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు 110 డిగ్రీలు ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 43 పైనే. సరిగ్గా ఆ జూన్‌లోనే మేం ఇంటి పని మొదలుపెట్టాం. తెలివి అంటే అదీ.

మా ఇల్లు 1996లో కట్టింది, ఒకటే అంతస్తు, పైన పెంకులు. వంటిల్లు పాతగా ఉంది, చీకటిగా ఉంది, మధ్య గోడ తీసేసి హాలుతో కలిపేద్దాం అని నా కోరిక. పిల్లలకి సెలవులు కదా, సమ్మర్‌లో అయిపోతే బాగుంటుందని మా ఆయన. తెలిసినవాళ్ళు చెప్పిన ఒక కాంట్రాక్టర్‌ని పిలిచాం. అరగంటలో గ్రానైట్ శాంపిళ్ళు, కేబినెట్ రంగులు అన్నీ చూపించేశాడు, ఎస్టిమేట్ ఒక పేజీ, అందులో 'కిచెన్ రీమోడల్' అని రాసి కింద ఒక అంకె, అంతే. సగం అడ్వాన్స్ అడిగాడు, 18 వేల డాలర్లు, ఇచ్చేశాం. లైసెన్స్ నంబర్ కాగితం మీద ఉంది కదా అని ధీమా. తర్వాతెప్పుడో చూస్తే ఆ లైసెన్స్ పెయింటింగ్ పనికి మాత్రమే అని తేలింది. పెయింటర్ చేత గోడ కూలగొట్టించాం అన్నమాట.

గోడ కూలగొట్టాక తెలిసింది, ఏసీకి గాలి వెనక్కి లాక్కునే రిటర్న్ డక్ట్ ఆ గోడలోంచే పైకి పోతోందని. దాన్ని పక్కకి మార్చాలంటే ఏసీ వాళ్ళు రావాలి, జూలైలో ఏసీ వాళ్ళు దొరకడం అంటే పెళ్ళిళ్ళ సీజన్లో పురోహితుడు దొరకడమే. తొమ్మిది రోజులు ఏసీ లేదు. ఒక బెడ్‌రూమ్‌లో కిటికీకి పైపు పెట్టే చిన్న ఏసీ తెచ్చుకుని ఐదుగురం అందులోనే పడుకున్నాం. అప్పుడు మా అమ్మ కూడా ఇక్కడే ఉంది. మొదటిరోజు "అనంతపురం ఎండలు చూసినదాన్ని, నాకేమవుతుందే" అంది. మధ్యాహ్నం మొహం కడుక్కుందామని చల్లనీళ్ళ కుళాయి తిప్పితే వేన్నీళ్ళొచ్చాయి. రెండు నిమిషాలు వదిలినా అంతే. "ఇంగ గీజరెందుకే మీకు" అని బయటికొచ్చి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఈలోపు మా కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. కంప్లైంట్ పెట్టాం, కొంత డబ్బు వెనక్కొచ్చింది, ఆ గొడవంతా రాస్తే మీ పేపర్ సరిపోదు. ప్లాన్ మాత్రం అటకెక్కింది.

నిజంగానే అటకెక్కింది, ఎందుకంటే సెప్టెంబర్‌లో వచ్చిన రెండో కాంట్రాక్టర్ చేసిన మొదటి పని అదే. పెద్దాయన, అరవై పైన ఉంటాయి, మెక్సికో నుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడే ముప్పై ఏళ్ళుగా ఇళ్ళ పని చేస్తున్నాడు. పొద్దున ఆరింటికి వస్తానన్నాడు, ఆరింటికి వచ్చాడు. నేను వంటింట్లో సగం కూలిన గోడ చూపిస్తుంటే ఆయన అటు చూడనే లేదు, నిచ్చెన ఉందా అని అడిగాడు. గరాజ్‌లోంచి పైకి ఒక చిన్న తలుపు ఉంటుంది, దాంట్లోంచి పెంకులకీ సీలింగ్‌కీ మధ్య ఖాళీలోకి వెళ్ళొచ్చు, ఇక్కడ అటిక్ అంటారు, మన అటక లాంటిదే కానీ ఇల్లంతా పరుచుకుని ఉంటుంది. పదేళ్ళు ఆ ఇంట్లో ఉండి ఒక్కసారి కూడా ఆ తలుపు తీసి చూడలేదు మేం.

ఆయన వెనకాలే మా ఆయన, నిచ్చెన చివరిదాకా నేను. టార్చ్ వేసి చూపించాడు. ఏసీ చల్లగాలి మోసే వెండిరంగు డక్టులన్నీ ఆ అటిక్‌లోనే పాముల్లా పడి ఉన్నాయి. ఒక చోట జాయింట్ దగ్గర టేపు ఎండి పెళుసై రాలిపోయి మూడు వేళ్ళు పట్టేంత సందు. చెయ్యి పెట్టమన్నాడు, పెడితే ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగాలి. పదేళ్ళుగా డాలర్లు పోసి మేం చల్లబరిచింది ఎవర్నయ్యా అంటే అటిక్‌లో ఉండే బూజుని. ఇంకోపక్క సీలింగ్ మీద పరిచిన దూదిలాంటి ఇన్సులేషన్‌లో స్కేలు గుచ్చాడు, నాలుగు అంగుళాలు వచ్చింది, అదీ అణిగిపోయి. వేడిని ఎంత ఆపుతుందో చెప్పడానికి 'ఆర్' అని ఒక లెక్క, ఇక్కడి ఎండకి అది 38 ఉండాలి, ఊదే రకం ఫైబర్‌గ్లాస్ అయితే అడుగు పైనే మందం ఉండాలట. వెళ్ళేటప్పుడు ఒక వైరున్న థర్మామీటర్ పైన వదిలేసి దాని డబ్బా కింద గరాజ్‌లో పెట్టి, మధ్యాహ్నం మూడింటికి చూసి మెసేజ్ పెట్టమన్నాడు. 143 చూపించింది. మన లెక్కలో దాదాపు 62. సెప్టెంబర్‌లో అండి ఇది, జూలైలో కాదు. అలాంటి పొయ్యిలోంచి చల్లగాలి గొట్టాలు పోతున్నాయి, పైగా వాటికి చిల్లు.

ఆయన అన్నది ఒకటే మాట, ఇక్కడ ఇల్లు బాగుచెయ్యాలంటే పైనుంచి కిందకి రావాలి, పడమర నుంచి తూర్పుకి రావాలి, వంటిల్లు ఎక్కడికీ పోదు. మేం వంటిల్లు అడిగితే ఈయన కప్పు గురించి చెప్తాడేంటి, బిల్లు పెంచడానికి కాదు కదా అని మా ఆయనకి అనుమానం. కానీ మొదటివాడు ఏసీ నాలుగు టన్నులది తీసేసి ఐదు టన్నులది పెట్టమన్నాడు, ఈయన ముందు చిల్లులు మూసి, గది గదికీ ఎండ ఎంత పడుతుందో లెక్క వేసి చూశాక చెప్తా అన్నాడు. లెక్క వేశాక నాలుగే చాలు అని తేల్చాడు. ఇంటికి మించిన ఏసీ పెడితే త్వరగా చల్లబడి ఆగిపోతుంది, వానల రోజుల్లో గాలిలో తేమ లాగేంత సేపు తిరగదు, చల్లగానే ఉంటుంది కానీ జిడ్డుగా ఉంటుంది. ఒక టన్ను తక్కువ అమ్మే కాంట్రాక్టర్‌ని నేను అంతకుముందు చూడలేదు.

పెంకుల సంగతి కూడా చెప్పాలి. పెంకు యాభై ఏళ్ళయినా ఉంటుంది, మేం దాన్ని చూసి కప్పు బాగుందనుకున్నాం. నీళ్ళు ఆపేది పెంకు కాదట, దానికింద పరిచే తారు షీటు. ఆ షీటు ఈ వేడికి ఇరవై ముప్పై ఏళ్ళలో పొరలు పొరలుగా చిట్లిపోతుంది. మాది ఇరవై ఏడో ఏడు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా మాన్‌సూన్ అంటారు, మన నైరుతి లాగా రోజుల తరబడి కురవదు, ముందు ఆకాశమంత ఎత్తు దుమ్ము గోడ వస్తుంది, వెనకాల అరగంట కుండపోత. కొత్త గ్రానైట్ పెట్టుకున్నాక ఆ అరగంటలో కప్పు కారితే?

అందుకని అప్పుడు ఒక క్యాలెండర్ రాసుకున్నాం ఆయనతో కూర్చుని. పర్మిట్ కాగితాలు ఎండల్లో సిటీకి పెట్టుకోవాలి, ఎలాగూ అప్పుడు చేసేదేం లేదు. అటిక్ పని, డక్టులు, ఏసీ అక్టోబర్ తర్వాత, అప్పుడు మనుషులు దొరుకుతారు, పైన పనిచేసేవాడు కూడా బతుకుతాడు. వేసవిలో అటిక్ పని చేసేవాళ్ళు తెల్లవారకముందే మొదలెట్టి పదింటికల్లా దిగిపోతారు, మనం రోజు కూలి లెక్కన ఇస్తున్నామంటే సగం రోజుకే ఇస్తున్నట్టు. కప్పు పని మార్చి నెలకల్లా అయిపోవాలి, వంటిల్లు వీటి మధ్యలో. గోడ తీసే రోజు ఏసీ మనిషి పక్కన ఉండాలని కాగితంలోనే రాయించాను, ఈ ఒక్క లైన్ మొదటి కాగితంలో ఉండి ఉంటే మా అమ్మ ఇంకో నెల ఉండేది ఇక్కడ.

కాగితం అంటే గుర్తొచ్చింది. అరిజోనాలో ఉండే మనవాళ్ళు ఈ ఉత్తరం చూస్తే వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇక్కడ కాంట్రాక్టర్ల లైసెన్సులు చూసే ప్రభుత్వ ఆఫీసు ఉంది, ఆర్‌ఓసీ అంటారు, వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే ఏ పనికి లైసెన్స్, కంప్లైంట్లు ఉన్నాయా అన్నీ ఫ్రీగా కనిపిస్తాయి. పని వెయ్యి డాలర్లు దాటినా, లేదా పర్మిట్ అవసరమైన పనైనా లైసెన్స్ ఉండాల్సిందే. వెయ్యి దాటిన కాంట్రాక్ట్ కాగితంలో పని వివరం, మొత్తం ధర, అడ్వాన్స్ ఎంత, మధ్యలో ఎప్పుడెప్పుడు ఎంత ఇవ్వాలి, ఎప్పటికి అయిపోతుందనే అంచనా తేదీ రాయాలని ఇక్కడి చట్టమే చెప్తోంది. లైసెన్స్ ఉన్నవాడు ముంచితే రికవరీ ఫండ్ నుంచి ఒక ఇంటికి 30 వేల డాలర్ల దాకా వచ్చే దారి ఉంది, లైసెన్స్ లేనివాడితో చేయిస్తే ఆ దారి మూసుకున్నట్టే. కంప్లైంట్‌కి రెండేళ్ళ గడువు. ఇవన్నీ చేతులు కాలాక మేం పట్టుకున్న ఆకులు. 'మన తెలుగువాళ్ళకి చేశాడు, మంచోడు' అన్న మాట మీద 18 వేలు ఇచ్చిన మనిషిని నేను, కాబట్టి ఎవర్నీ వెక్కిరించట్లేదు.

నా ఐలాండ్ సింక్ కల మాత్రం అక్కడే పోయింది. పెద్దాయన గరాజ్‌లో నేల మీద చిన్న ముద్ర చూపించాడు, కాంక్రీట్ తడిగా ఉన్నప్పుడు అచ్చు గుద్దినట్టుంది, కొయ్యకూడదు డ్రిల్ చెయ్యకూడదు అని. ఇక్కడి ఇళ్ళకి కింద పునాది అంటే ఒకటే స్లాబు, చాలావాటిలో లోపల ఇనప కేబుళ్ళు లాగి బిగించి ఉంటాయి. సింకు మధ్యలోకి తేవాలంటే డ్రైనేజీ పైపు కోసం ఆ స్లాబు కొయ్యాలి, స్కాన్ చేయించకుండా కోస్తే బిగించిన కేబుల్ తెగి ఎటు లేస్తుందో చెప్పలేం. స్కాన్ ఖర్చు, కోత ఖర్చు విన్నాక సింకు కిటికీ కిందే ముద్దుగా కనిపించింది నాకు.

చిమ్నీ దగ్గర ఇంకో పేచీ. మన పోపులకి, మిరపకాయల ఘాటుకి పెద్దది కావాలని 900 సీఎఫ్ఎం హుడ్, అంటే నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి తోసేది, కొని పెట్టుకున్నా. ఆయన అడిగాడు, అది నిమిషానికి అంత గాలి బయటికి తోస్తే అంత గాలి లోపలికి ఎక్కడినుంచి రావాలి అని. నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంట్లో ప్రతి సందులోంచి, లైట్ల చిల్లుల్లోంచి, అటిక్‌లోని ఆ 143 డిగ్రీల దుమ్ముగాలిని లాగుతుంది. 400 దాటితే బయటిగాలి తెచ్చే ఏర్పాటు వేరే పెట్టాలని కోడ్ కూడా ఉందట. చివరికి 390ది పెట్టాం, పొగ బయటికి పోయే గొట్టం తిన్నగా, పొట్టిగా, పొయ్యి మీదకంతా వచ్చేంత వెడల్పుగా. పోపు వాసన హాల్లోకి కొంచెం వస్తుంది. వస్తే వచ్చింది, ఇల్లు కదా.

పడమటి అద్దాల గురించి చెప్తే మా తమ్ముడికి కూడా పనికొస్తుంది. మా డైనింగ్ టేబుల్ దగ్గర పడమటికి ఎనిమిది అడుగుల అద్దం తలుపు. లోపల మందం కర్టెన్లు వేసేవాళ్ళం, అయినా సాయంత్రం నాలుగింటికి అక్కడ కూర్చోలేం. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసిందంటే ఇంక అది ఇంట్లో వేడే, కర్టెన్ కాలుతూ మనల్ని కాలుస్తుంది. అడ్డం బయట పెట్టాలి. మన ఊళ్ళో పందిరి వేసేది అందుకే కదా, వరండాకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేది అందుకే కదా. కొత్త అద్దాలకి పెట్టాల్సిన డబ్బులో మూడో వంతుతో బయట పందిరి లాంటి కప్పు, దానికి వల తెరలు వేయించాం. పడమటి పక్కనే ఒక మెస్కీట్ చెట్టు, అది మన సర్కారు తుమ్మకి దాయాదే, అదే ఆకు అదే ముల్లు, దాని పక్కన మునగ. మునగ ఇక్కడ తుమ్మకంటే మొండిగా పెరుగుతోంది, కరివేపాకే మాడిపోతుంది.

అసలు అందరికంటే ముందు విషయం పట్టుకున్నది మా అమ్మ అనుకోండి. మొదటి కాంట్రాక్టర్ బయటి గోడ మీద ఒక చోట చెక్కి మళ్ళీ సిమెంట్ పూత వేసి వెళ్ళిపోయాడు, జూన్ చివర్లో, మిట్టమధ్యాహ్నం. అమ్మ చూసి "గోడకు నీళ్ళు కొట్టరా ఏందే మీ దేశంలో" అంది. అమెరికా టెక్నాలజీ అమ్మా, అక్కర్లేదు అన్నాను. వారంలో సాలెగూడులా సన్న బీటలు. అమ్మ పెరట్లో పైపు పట్టుకుని కొట్టబోతే ముందు కాసేపు కాగే నీళ్ళొచ్చాయి, అది వేరే సంగతి. పెద్దాయనకి ఈ కథ చెప్తే పగలబడి నవ్వి, మీ అమ్మగారే కరెక్ట్, ఈ పొడిగాలికి పూత లోపల గట్టిపడేలోపే పైన ఎండిపోతుంది, రెండ్రోజులైనా తడపాలి అన్నాడు. తను వేసినప్పుడు తెల్లవారుజామున వేసి, పగలంతా నీళ్ళు చిలకరిస్తూనే ఉన్నాడు. మన మేస్త్రీలు స్తంభాలకి గోనెపట్టాలు చుట్టి తడిపేదీ ఇదే.

లెక్క కూడా చెప్పాలి కదా. కప్పు, అటిక్, డక్టులు, పందిరి కలిపి వంటింటికి అనుకున్న డబ్బులో దాదాపు సగం తినేశాయి. కేబినెట్లు కొత్తవి కాకుండా పాతవాటికే తలుపులు మార్పించుకున్నాం, గ్రానైట్ మామూలు రకం. వచ్చేవాళ్ళెవరికీ అటిక్ కనపడదు, "రీమోడల్ అన్నారు, ఏం చేయించారు" అని అడుగుతారు, కొంచెం చివుక్కుమంటుంది నిజం చెప్పాలంటే. 2024లో ఇక్కడ వరసగా 113 రోజులు 100 డిగ్రీలు ఫారన్‌హీట్ దాటింది. అంతకుముందు 480 డాలర్లు వచ్చే జూలై కరెంట్ బిల్లు ఆ ఏడాది 310 వచ్చింది. ఆ బిల్లు ఫొటో ఫ్రేము కట్టిద్దామా అన్నాడు మా ఆయన.

ఇప్పుడు మీ ఆర్టికల్ దగ్గరికి వస్తా. మీ పేపర్ కడప, అనంతపురం, కర్నూలు, నల్గొండ, రామగుండం అన్నిచోట్లా చదువుతారు. అక్కడ మేడ మీద గదిలో మే నెలలో పడుకున్నవాళ్ళకి తెలుసు, రాత్రి పదకొండైనా స్లాబు వేడి దిగుతూనే ఉంటుంది. మా తాతగారి మట్టి మిద్దె మీద ఏటా వానలకి ముందు చవుడు మన్ను పరిచేవాళ్ళు, గోడలు మూరెడు మందం, పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రయ్యేది. అవి పోయి నాలుగైదు అంగుళాల స్లాబు వచ్చింది, ఇప్పుడు దాని కింద అద్దం గోడ కూడా వస్తోంది. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, తెల్ల పూత, తెల్ల టైల్స్ లాంటివాటితో కప్పు వేడి తగ్గించడానికి. దాని మీద ఒక పేజీ వెయ్యండి. ఏ పూత చదరపు అడుగుకి ఎంతవుతుంది, దుమ్ము పట్టాక ఎన్నాళ్ళకి కడగాలి, సున్నం కొడితే ఎన్నేళ్ళు ఆగుతుంది, మేస్త్రీతో కాగితం ఎలా రాసుకోవాలి, ఇవి మీ రిపోర్టర్లు ఊళ్ళో నలుగురు పాత మేస్త్రీలని అడిగినా చెప్తారు. ఉగాది దాటాక వేస్తే లాభం లేదు, అప్పటికి అందరూ స్లాబులు వేసేసి ఉంటారు, సంక్రాంతికి ముందే వెయ్యండి.

మా తమ్ముడు అద్దం గోడ మానలేదు కానీ ఉత్తరం వైపుకి మార్చాడు, పడమటికి మెట్లు, బాత్రూమ్ పెడుతున్నాడు. అమ్మ పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని గోడల చుట్టూ తిరుగుతోందట.

ఇట్లు,
చాండ్లర్, అరిజోనా నుంచి మీ పాఠకురాలు

తా.క. ఊరి నుంచి తెప్పించుకున్న టేకు పూజా మందిరం తలుపులు ఇక్కడి పొడిగాలికి కుంచించుకుపోయి రెండిటి మధ్య వేలు పట్టే సందు వచ్చింది, వానల నెలలో మళ్ళీ దగ్గరకొస్తాయి. మీ పాఠకుల్లో వడ్రంగి పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే, రంధ్రం చెయ్యకుండా, కొత్త చెక్క అతికించకుండా దానికేం చెయ్యొచ్చో రాయమనండి.